బండ మీది ఐదో లెక్క

మా బడి వరండాలో మెట్ల పక్కన, గోడలో ఒక నల్లరాయి బిగించి ఉంది. ఊళ్లో దాన్ని బండ అంటారు. ఆ స్థలం బడి కోసం ఇచ్చింది మా తాత. ఆ సంగతి, ఆయన పేరు రాయి పైసగంలో చెక్కి ఉన్నాయి. కింది సగం ఖాళీ. కొడుకులూ మనవలూ ఇంకేమైనా ఇస్తే వాళ్ల పేర్లు చెక్కడానికి ఆయనే అలా వదలమన్నాడట. తర్వాత మేమెవరమూ ఏమీ ఇవ్వలేదు. బావులు ఎండాయి, పొలాలు అమ్ముకున్నాం, పెద్దింటి మిద్దె ఒకవైపు కూలింది. మాకు మిగిలింది ఆ రాతి మీది పేరు, నిటారుగా నడిచే అలవాటు.

ఉద్యోగంలో చివరి ఐదేళ్లు నేను ఆ బడికే హెడ్మాస్టరుగా పనిచేశాను. అడిగి మరీ వేయించుకున్నాను. రోజూ పొద్దున మోపెడ్ ఆపి, ఇస్త్రీ చొక్కా సర్దుకుని, ఆ రాయి పక్కనుంచే మెట్లెక్కేవాణ్ని. ఇప్పుడు బడుల్లో పనిచేస్తున్న చిన్నవాళ్లారా, ఆ ఐదేళ్లలో నేను మంచి పనులు కూడా కొన్ని చేసి ఉంటాను. వాటి గురించి నా రిటైర్మెంట్ సభలో చెప్పారు. ఎవరూ చెప్పనిది ఒకటుంది. అది నేనే చెప్పాలి.

మాది వజ్రకరూరు వైపు పల్లె. తొలకరి పడిందంటే సగం బడి ఖాళీ. పిల్లలు తల్లిదండ్రులతో చేలల్లో వంగి వజ్రాలు వెతుకుతుంటారు. దసరా దాటి శనక్కాయ పంట కూడా పోయిందని తేలాక మూటలు కట్టుకుని బెంగళూరు కట్టడాల పనికి పోతారు, ఉగాదికి తిరిగి వస్తారు. కొన్ని ఇళ్లలో పిల్లల్ని అవ్వ దగ్గర వదిలి వెళతారు. కాస్త జరుగుబాటున్న వాళ్ల పిల్లలు పసుపు రంగు వ్యానెక్కి పట్నంలో ఇంగ్లీషు బడికి పోతారు. నా పిల్లలిద్దరూ ఆ వ్యానులోనే వెళ్లారు. తాత స్థలంలో కట్టిన బడి మెట్టు వాళ్లు ఒక్కరోజూ ఎక్కలేదు. అది నాకు అప్పట్లో వింతగా తోచలేదు. మా బడికి మిగిలింది గొర్రెలు కాసేవాళ్ల పిల్లలు, కూలీల పిల్లలు.

ప్రతి ఏటా మండల కార్యాలయానికి ఒక పట్టిక పంపాలి. పిల్లవాడి పేరు, కులం, తల్లిదండ్రుల పని, పక్కన మార్కులు. చివర్లో, మార్కులు తక్కువైతే కారణం. ఆ చివరి గడి నింపడంలో నన్ను మించినవాడు లేడు. ‘తల్లిదండ్రులు నిరక్షరాస్యులు’, ‘వలస కుటుంబం’, ‘ఇంట్లో కన్నడం మాట్లాడతారు’. చక్కని అక్షరాలతో రాసేవాణ్ని. ఆ గడిలో మా టీచర్ల గురించి ఒక్క ముక్కయినా ఎన్నడూ రాయలేదు.

ఇంకొక అలవాటు కూడా ఉండేది. ఇది మా ప్రాంతంలో నేనొక్కణ్నే చేసిన పని కాదు, అయినా నాది నేను చెబుతాను. పిల్లలు తగ్గితే ఒక టీచర్ పోస్టు ఎత్తేస్తారు. అందుకని వలస పోయిన పిల్లలకు కూడా హాజరు వేసేవాళ్లం. బెంగళూరులో ఇటుకల పక్కన ఆడుకుంటున్న పిల్లలు మా రిజిస్టరులో రోజూ బడికి వచ్చేవాళ్లు. మధ్యాహ్నం వంట చేసే ఆమెకు నోరు పెద్దది. ఒకరోజు గుడ్లు ఉడికించిన గిన్నె నా బల్ల మీదే పెట్టింది.

“ఏం సార్, మీ పుస్తకంలో ఇంతమంది ఉండారు, ఆడ అన్నం తట్టల ముందర అంతమంది లేరే! ఆ కానరాని పిల్లోల్లకి గుడ్లు యాడికి పంపాల్ల? బెంగళూరు బస్సుకి కట్టీనా?”

నేను నవ్వలేదు. ఆడవాళ్లు నా ముందు అంత గొంతుతో మాట్లాడటం మా ఇంట అలవాటు లేదు.

ఒక ఏడాది మండల సమావేశంలో మార్కుల ప్రకారం బడుల వరుస చదివారు. మా బడి పేరు అందరికన్నా చివర వచ్చింది. పేరు చదివితే హెడ్మాస్టరు నిలబడాలి. నేను నిలబడ్డాను. చదివిన విద్యాధికారి నాకన్నా పదిహేనేళ్లు చిన్నవాడు. వాళ్ల నాయన మా ఇంట్లో జీతానికి ఉండేవాడు. మా ఎద్దులకు మేత వేసి, మా పెరటి అరుగు మీద భోంచేసి పెరిగిన మనిషి కొడుకు. అతను నన్ను ఒక్క మాట అనలేదు. లేచి, “మీరు కూర్చోండి సార్, మీరు నిలబడకూడదు” అన్నాడు. తిట్టినా ఇంత గుర్తుండేది కాదు. ఇంటికి వచ్చేదాకా ఆ మర్యాదే చెవిలో మోగింది. మళ్లీ ఏడాది ఇలా నిలబడకూడదనుకున్నాను. పిల్లలకు చదువు రావాలని మాత్రం అనుకోలేదు. ఈ రెండూ ఒకటే అని నన్ను నేను నమ్మించుకున్నాను.

తర్వాతి ఏడాది మాఘమాసంలో, ఐదో తరగతి వాళ్లకు పరీక్ష పెట్టడానికి విద్యాధికారి స్వయంగా వస్తున్నాడని తెలిసింది. నేను తరగతి జాబితా ముందు పెట్టుకుని కూర్చున్నాను. మార్కులు రావనిపించిన తొమ్మిది పేర్లు ఎంచాను. వాళ్ల ఇళ్లలో ఎవరో ఒకరు వలస వెళ్లినవాళ్లే. ఆ తొమ్మిదిమందీ ‘వలస వెళ్లారు, బడిలో లేరు’ అని కార్యాలయానికి రాసి పంపాను. ఆన్‌లైన్‌లో కూడా తరగతి నుంచి పేర్లు తీయించాను. ఏడాదంతా లేనివాళ్లను ఉన్నారని రాసిన చేత్తో ఆ రోజు ఉన్నవాళ్లను లేరని రాశాను.

మా బడిలో ఇంకొక టీచర్ ఉండేది. పామిడి అమ్మాయి, అదే మొదటి ఉద్యోగం. జాబితా చూసి ఒక పేరు దగ్గర వేలు పెట్టింది.

“సార్, ఈ పాప యాడికీ పోలేదు. రోజూ వస్తాండాది. లెక్కలు బాగానే చేస్తాది.”

“తెలుగు చదవడం రాదు కదా?”

“మెల్లగా చదువుతాది సార్. మనమే కదా నేర్పాల్సింది.”

“అమ్మా, నువ్వు కొత్త. ఈ ఊరి పిల్లల సంగతి నాకు మూడు తరాలుగా తెలుసు” అన్నాను.

ఆమె వేలు తీసేసింది.

ఆ పాప సంగతి చెప్పాలి. అమ్మానాయనలు ఏటా బెంగళూరు వెళితే అవ్వ దగ్గర ఉండి చదువుకునేది. ఆ చలికాలంలో అవ్వ చనిపోయింది. తల్లి తిరిగి వచ్చి, పిల్లకు ఐదో తరగతి అయ్యేదాకా ఊళ్లోనే ఉంటానంది. తర్వాత ఆడపిల్లల హాస్టల్ బడిలో ఆరో తరగతి సీటు దొరికితే పిల్ల చదువుకుంటుంది. దొరక్కపోతే తల్లిదండ్రులతో పనికి పోవాలి. ఇంట్లో వదిలి వెళ్లడానికి ఇక ఎవరూ లేరు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే రాశాను.

పరీక్షకు ముందురోజు ఆ తొమ్మిదిమందినీ పిలిచి రేపు రావద్దని చెప్పాను. ఎనిమిదిమంది సంతోషంగా తలూపారు. ఆ పాప మాత్రం మరుసటి రోజు పొద్దున్నే వచ్చింది. తల తడిగా ఉంది, ఉతికిన యూనిఫాం వేసుకుంది.

“నిన్ను రావద్దన్నాను కదా?”

“పరీచ్చ ఉండాది కదా సార్. లెక్కలు రానోల్లకి సెప్పినారేమో అనుకున్యా. నాకు వస్తాది సార్.”

“నీ పేరు ఆ లిస్టులో లేదు. ఇంటికి పో.”

వెళ్లింది. నేను గదిలోకి వెళ్లాక తిరిగి వచ్చిందని అప్పుడు నాకు తెలియదు.

అచ్చు కాగితాలు తక్కువొచ్చాయి. పామిడి టీచరమ్మ ఐదు లెక్కలూ బోర్డు మీద రాసి, ఒక్కొక్కటి రెండుసార్లు గట్టిగా చదివింది. పిల్లలు చేశారు. నేను ఎంచి ఉంచిన పిల్లలు బాగానే చేశారు. విద్యాధికారి కాగితాలు దిద్ది, ముఖం విప్పార్చుకుని, “ఈ యేడు మీరు మండలంలో ముందరుంటారు సార్” అన్నాడు. అతన్ని సాగనంపడానికి వరండాలోకి వచ్చాను. చెప్పులు వేసుకుంటూ, ఎప్పటిలాగే మా తాత పేరున్న రాయి వైపు చూశాడు. చూసి ఆగిపోయాడు.

రాయి కింది సగమంతా సుద్దముక్కతో రాసి ఉంది. ఐదు లెక్కలు. వరుస నంబర్లు వేసి, కింద గీతలు గీసి, జవాబుల చుట్టూ గడులు కట్టి ఉన్నాయి. మా వంశంలో ఎవరూ నింపని చోటు అది.

అతను వంగి చదివాడు. “ఇవి లోపల ఇచ్చిన లెక్కలే కదా? ఎవరు చేసినారు సార్? నాలుగు కరెక్ట్‌గా ఉండాయి. కడాది, ఐదోది ఒకటే తప్పింది.”

గేటు పక్క నీళ్ల తొట్టి దగ్గర ఆ పాప కూర్చుని ఉంది. వేళ్లకు సుద్ద. మమ్మల్ని చూసి లేచి నిలబడింది.

“ఎవరో గొర్రెలు కాసే పిల్ల. మన బడి కాదు” అన్నాను.

నా వెనక టీచరమ్మ “సార్” అనబోయి ఆగింది.

అతను పాపను దగ్గరికి పిలిచాడు. “ఏ బడి పాపా నీది?”

పాప నా ముఖంలోకి చూసింది. ఒంటి మీద మా బడి యూనిఫాం. జవాబు ఆమె చెప్పక్కర్లేదు. అయినా చెప్పింది.

“నేను బడికి పోను సార్.”

“మరి లెక్కలెట్ల వచ్చె?”

“కిటికీ కాడ నిలబడి ఇన్యాను.”

పదేళ్ల పిల్ల. నన్ను కాపాడటానికి అబద్ధమాడింది. ఎవరూ నేర్పలేదు. నేను ఇంటికి పొమ్మన్నాను కాబట్టి, సార్ మాట నిలబెట్టాలనుకుందేమో.

అతను రెండో చెప్పు వేసుకున్నాడు. తర్వాత, “ఈ పాపను బడిలో చేర్చుకోండి సార్” అన్నాడు. “అలాగే” అన్నాను. అతను వెళ్లిపోయాడు. నేను తొట్టిలోంచి చెంబుతో నీళ్లు ముంచి రాయి మీద పోశాను. నా చేత్తో నేనే పోశాను. పాప రెండడుగులు ముందుకు వచ్చి, “సార్, కడాది...” అని ఏదో అడగబోయింది. అప్పటికే సుద్ద కారిపోయింది.

ఆ ఏడాది సమావేశంలో మా బడి పేరు రెండోది చదివారు. విద్యాధికారి నాకు శాలువా కప్పాడు. వంగకుండా కప్పించుకున్నాను. అతనే మునివేళ్ల మీద లేచాడు.

ఆ తర్వాత నెల తిరక్కుండా ఒక శుక్రవారం పాప తల్లి బడికి వచ్చింది. బయట చెప్పులు వదిలి, గుమ్మం అవతలే నిలబడింది.

“హాస్టల్‌కి అర్జీ పెట్టను పోయినాం సార్. నెట్ సెంటరాయన కంప్యూటర్ల సూసి, ఈ పిల్ల యా బడిలోనూ లేదంటాండాడు. ఐదేండ్లు ఈడనే కదా సార్ సదివింది! మీరు ఒక కాగితం రాసిస్తే పేరు మళ్లీ ఎక్కుతాదంట. వచ్చే బుధవారమే ఆఖరంట.”

“సోమవారం రా” అన్నాను.

“రాస్తారు కదా సార్?”

“సోమవారం రమ్మన్నాను కదా.”

“పెద్దింటోల్లు, మీరే దిక్కు” అని చేతులు జోడించి వెళ్లింది.

పేరు మళ్లీ ఎక్కాలంటే నేను విద్యాధికారికి ఉత్తరం రాయాలి. ఈ పిల్ల బడిలోనే ఉంది, లేదని రాసింది తప్పు అని. ఆ రాయి దగ్గర మన బడి కాదని చెప్పిన నోటితో మనదేనని ఒప్పుకోవాలి. ఎవరి ముందు? మా జీతగాడి కొడుకు ముందు. ఇంతే. ఇంతకన్నా పెద్ద కారణమేదీ లేదు. ఏళ్ల తరబడి పిల్లల పేర్ల పక్కన కారణాలు రాసిన నాకు నా గడిలో రాసుకోవడానికి ఈ ఒక్కటే దొరికింది.

సోమవారం పొద్దున టీచరమ్మ ఒక కాగితం తెచ్చింది. తానే రాసింది. ‘జాబితా తయారు చేయడంలో నా వల్ల పొరపాటు జరిగింది’ అని ఉంది.

“నా మీద యేసుకుంటా సార్. నేను కొత్త కదా, తిడితే తిడతారు. మీరు కింద సంతకం పెట్టి పంపిస్తే చాలు.”

చిన్న పిల్ల. ప్రొబేషన్ కూడా ముగియలేదు. నా తప్పు తన మీద వేసుకుంటానంటే నేను ఏం చేయాలి? కాగితం చించి, నిజం నేనే రాయాలి. లేదా సిగ్గు విడిచి సంతకం పెట్టాలి. ఈ రెండూ చేయలేదు. ఎర్ర కలం తీసి ఆమె వాక్యాలు దిద్దాను. ‘పొరపాటు’ కాదు, ‘సాంకేతిక లోపం’ అని రాయమన్నాను. సాయంత్రం మళ్లీ రాసి తెచ్చింది. హెడ్మాస్టరు ప్రస్తావన ఎక్కడా రాకూడదన్నాను. తల్లి వచ్చి రెండు గంటలు కూర్చుని వెళ్లింది. మంగళవారం టీచరమ్మ కాగితం ఇంకోసారి తెచ్చింది. అక్షరాలు నీటుగా లేవన్నాను. తల్లి మళ్లీ వచ్చింది. వంటామె ఆమెకు పళ్లెంలో ఇంత అన్నం పెట్టి, నాకు వినబడేటట్టే అంది: “ఏమప్పా, ఒక సంతకానికి ఇన్ని దినాలా? పిల్లోల్లకే కలం పట్టుకోను రాదనుకుంటి.”

ఆ మాటకు ఒళ్లు మండింది. బుధవారం నేను బడికి వెళ్లలేదు. తలనొప్పి అని సెలవు పెట్టాను. నిజంగానే తల నొప్పిగా ఉండింది.

సంతకం పెట్టాను. గురువారం పెట్టాను.

కాగితం పట్టుకుని నేనే మండల కార్యాలయానికి వెళ్లాను. విద్యాధికారి లేచి కుర్చీ వేశాడు. చదివాడు. కాగితాన్ని బల్ల మీద మెల్లగా పెట్టాడు.

“నిన్నటితో అయిపాయ సార్. నిన్న మీరు ఫోన్ చేసినా నేను ఎక్కించేవాణ్ని.”

అతను కాగితం మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

“ఆ బండ మీద రాసిన పాపేనా?”

“అవును.”

“నాకు ఆ పొద్దే తెలుసు సార్. ఒంటి మీద యూనిఫాం కనపడ్తాండె కదా. మీరే సెప్తారులే అని ఊరకుంటి.” తల దించుకుని అన్నాడు: “మీ ఎదురుగా నిలబడి అబద్ధమంటారా అని నాకు నోరు రాలేదు సార్. మా నాయనకీ రాలేదు.”

అతను పైవాళ్లకు ఫోన్లు చేశాడు, రెండుసార్లు జిల్లాకు కూడా వెళ్లాడు. సీట్లు నిండిపోయాయన్నారు. ఉగాదికి అందరూ తిరిగొచ్చిన తర్వాత పాప ఇంటికి మాత్రం తాళం పడింది. ఈసారి నేను రాసిన మాట నిజమైంది. ‘వలస వెళ్లారు’.

టీచరమ్మ బదిలీ చేయించుకుని వెళ్లిపోయింది. వెళ్లేరోజు నాకు నమస్కారం పెట్టింది. ఆ తర్వాత నేను రిటైరయ్యాను. సభలో మా తాత గురించి, రాయి గురించి చాలా చెప్పారు. విద్యాధికారి కూడా మాట్లాడాడు. రాయి ప్రస్తావన తేలేదు.

పోయిన ఏడాది ఒక పని మీద రాయదుర్గం వెళ్లాను. బస్టాండులో నిలబడి ఉన్నాను. నేను బస్టాండు బల్లల మీద కూర్చోను. “నమస్తే సార్” అని వినబడితే తిరిగి చూశాను. జీన్స్ ప్యాంట్ల కట్ట ఒకటి నెత్తిన పెట్టుకుని ఒక అమ్మాయి. పొడవు పెరిగింది. కళ్లను బట్టి గుర్తుపట్టాను. వెనకే తల్లి, ఇంకో కట్టతో.

“ఏం చేస్తున్నావమ్మా?”

“ప్యాంట్లకి దారాలు కత్తిరిస్తాండాం సార్, ఇంటికి తెచ్చుకోని. బెంగళూరికి పోవడం మానేస్తిమి. నాయనకి నడుం పోయినాది.”

“చదువు?”

“లేదు సార్.”

తల్లి నన్ను ఏమీ అనలేదు. “బాగుండారా సార్? సన్నబడినారు” అంది. నేను జేబు రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాను. క్షమించమని అడగాలనుకున్నాను. ఆ మాట ఎలా మొదలుపెడతారో నాకు నిజంగా తెలియలేదు. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ అలా అడగగా వినలేదు.

అమ్మాయి కట్ట కిందికి దించింది.

“సార్, ఒకటి అడగల్లా?”

“అడుగు.”

“ఆ పొద్దు బండ మీద కడా లెక్క తప్పినాదని ఆ సార్ అనె కదా. యాడ తప్పినా సార్?”

నాకు లెక్క గుర్తు లేదు. అదే చెప్పాను.

“నాకు గుర్తుండాది. ఆరు వందల పద్దెనిమిది మూటల శనక్కాయలు ఆరు లారీలకి సమంగా ఎక్కిస్తే, లారీకి ఎన్ని? నాకు పదమూడు వచ్చె సార్. ఎన్నితూర్లు చేసినా పదమూడే వస్తాది. పదమూడు కాదని నాకూ తెలుస్తాండాది. ఆరు పదమూళ్లు డెబ్బై ఎనిమిదే కదా. మిగతా మూటలు యాడికి పోయె?”

మూడేళ్లు. దారాలు కత్తిరిస్తూ ఆ లెక్క చేస్తూనే ఉంది.

నేను కింద కూర్చున్నాను. బస్టాండు నేల మీద, అందరూ చూస్తుండగా గొంతుక్కూర్చున్నాను. మోకాళ్లు నొప్పెట్టాయి. అమ్మాయి ఎదురుగా కూర్చుంది. ప్యాంట్ల మీద గుర్తులు పెట్టే సుద్దబిళ్ల తల్లి కొంగున ఉంటే తీసిచ్చింది. సిమెంటు నేల మీద, ఆమె చేసినట్టే పదమూడు వచ్చేలా లెక్క వేశాను.

“ఆరులో ఆరు ఒకసారి. తర్వాత ఒకటి దింపావు. ఒకటిలో ఆరు పోదు. పోదని నువ్వు ఊరికే ఎనిమిది దింపేసుకున్నావు. పోనప్పుడు అక్కడ సున్నా పెట్టాలి. పెట్టి, అప్పుడు ఎనిమిది దింపాలి.”

ఆమె వంగి చూసింది. నా చేతిలోంచి సుద్ద తీసుకుని, ఒకటికీ మూడుకూ నడుమ సున్నా పెట్టింది. పెదాలు కదిలిస్తూ ఆరుతో మళ్లీ హెచ్చవేసి చూసుకుంది. సరిపోయింది.

“అంతేనా సార్?” అంది. ముఖం వెలిగింది. “ఇంత సిన్న తప్పా!”

“అంతేనమ్మా.”

బస్సు వచ్చింది. కట్ట ఎత్తుకోబోతుంటే నేను ఒక చెయ్యి వేశాను. “మీరు వద్దు సార్, చొక్కా మాస్తాది” అంటూనే నెత్తిన పెట్టుకుంది. బస్సెక్కి కిటికీలోంచి చెయ్యి ఊపింది.

తన తప్పు ఎక్కడుందో అడిగి తెలుసుకుని వెళ్లింది. నా తప్పు గురించి అడగలేదు. ఆ బస్సు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా నేను నేల మీదే కూర్చుని ఉన్నాను, ఆ సుద్ద గీతలను ఎవరూ తొక్కకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని.